శీనుకి, చెయ్యి తిమ్మిరి గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాను. అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ రావడం, లేచి విదిలిస్తే కాసేపటికి సర్దుకోవడం... అచ్చం నా కథే రాశావు కదరా! నాది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు అని డాక్టరు తేల్చారు. నీదీ అదేనని నేను చెప్పలేను గానీ, ఒకటి గమనించు. నీ చిటికెనవేలికి తిమ్మిరి ఉందా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం మొద్దుబారి, చిటికెనవేలు మాత్రం మామూలుగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. నా ఉంగరపువేలు తడుముకుంటే చిటికెనవేలి వైపు స్పర్శ బాగానే తెలిసేది, రెండో పక్క మాత్రం గుడ్డ చుట్టినట్టుండేది. ఒకే వేలికి రెండు నరాలు పంచుకున్న వాటాలట!

మణికట్టులో ఎముకలకీ, వాటిమీద కప్పులా ఉండే గట్టి లిగమెంటుకీ (ఎముకల్ని కలిపి ఉంచే నారలాంటి బంధం) మధ్య ఓ ఇరుకు దారి ఉంది. వేళ్లను ముడిచే 9 టెండన్లూ (కండరాల్ని ఎముకలకి కలిపే తాళ్లు), నేను చెప్పిన ఆ వేళ్లకి స్పర్శనిచ్చే మీడియన్ నరమూ అందులోంచే పోవాలి. లోపల వాపొస్తే నలిగేది నరమే. నిద్రలో తెలియకుండానే మణికట్టు మడిచేస్తాం కదా, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

అందుకే ముందు రాత్రిపూట స్ప్లింటు, అంటే మణికట్టు మడవకుండా పట్టి ఉంచే పట్టీ, కట్టుకు చూడు. మణికట్టు తిన్నగా ఉండాలి, వేళ్లు ఆడాలి, పట్టీ బిగుసుకోకూడదు. మొదట్లో చిరాకేస్తుంది. ఫలితం తెలియాలంటే కొన్ని వారాలు పడుతుంది, రెండు రాత్రులకే విసిరికొట్టకు.

నువ్వు కంప్యూటర్‌ని తెగ తిట్టావు గానీ, టైపింగే కారణమనడానికి అంత గట్టి ఆధారాల్లేవు. అదిరే యంత్రాలు పట్టుకునేవాళ్లకీ, బలంగా పట్టుబిగించి అదే పని పదేపదే చేసేవాళ్లకీ ముప్పు ఎక్కువ. షుగరు జబ్బు, థైరాయిడ్ హార్మోను తక్కువవడం, కీళ్లవాతం కూడా దీనికి తోడవుతాయి. కాబట్టి రక్తపరీక్షలు చేయించు. అన్నట్టు, ఎవరో చెప్పారని బి6 మాత్రలు గుప్పెడు మింగకు. మోతాదు మించితే అవే నరాల్ని పాడుచేస్తాయి.

మెడలో నరం నొక్కుకున్నా ఇలాంటి తిమ్మిరే రావచ్చు, అందుకని డాక్టరుకి చూపించడం మానకు. అవసరమైతే నరాల్లో సంకేతాలు ఎంత వేగంగా పోతున్నాయో పరీక్షిస్తారు. స్ప్లింటుతో తగ్గకపోతే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉంది. అదీ కాకపోతే ఆ లిగమెంటును కోసి దారి వదులు చేసే చిన్న ఆపరేషన్. పగలూ రాత్రీ తిమ్మిరి వదలకపోయినా, బొటనవేలి మొదట్లో కండ తరిగినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా అసలు ఆలస్యం చెయ్యకురా. నరం బాగా దెబ్బతిన్నాక ఆపరేషన్ చేసినా పోయిన బలమంతా తిరిగి రాకపోవచ్చు.

ఏ వేళ్లలో తిమ్మిరి ఉందో వెంటనే రాయి. రాయడం కష్టమైతే ఫోన్ చెయ్యి, అదీ స్పీకర్‌లో పెట్టుకుని!

నీ
రవి