అజోర్స్ పర్యావరణ మంత్రి గారికి, మీ పట్టపగటి గబ్బిలం గురించి

మంత్రి గారూ, నమస్కారం.

మీకు తెలుగు రాదని తెలుసు. అయినా ఇది చదివి అట్లాంటిక్ సముద్రంలోని మీ పోర్చుగల్ దీవులకు టికెట్లు కొనుక్కునే తెలుగువాళ్లు ఉంటారు, వాళ్లలో ఒకరైనా అక్కడికొచ్చి ఇదే సంగతి అడక్కపోతారా అని నా ఆశ.

పోయిన వేసవిలో మీ సావ్ మిగెల్ దీవికి వచ్చాను. అక్కడి ఫుర్నాస్ ఊరి దగ్గర సాయంత్రం నాలుగింటికి, ఇంకా ఎండ కాస్తుండగానే, చెట్ల మీద ఏదో గిరగిరా తిరుగుతుంటే పిచ్చుకేమో అనుకున్నా. గైడ్ నవ్వి "గబ్బిలం" అన్నాడు, అంతే, మళ్లీ తిమింగలాల టూరు గురించి మొదలుపెట్టాడు.

గదికొచ్చాక కూర్చుని చదివితే తెలిసింది. మీ 9 దీవుల్లో ఎలుకలు, కుందేళ్లు, హెడ్జ్‌హాగ్‌లు (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువులు), ఆవులు అన్నీ మనుషుల వెంట వచ్చినవే. ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా మీ నేల మీద మాత్రమే ఉన్న క్షీరదం ఈ గబ్బిలం ఒక్కటే. 1901లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఫ్లోరిష్, కోర్వు తప్ప మిగతా దీవుల్లో ఉంది. రాత్రిళ్లతో పాటు పగలు కూడా బయటికొచ్చి పురుగుల్ని వేటాడుతుంది, ఎందుకంటే గాల్లో పట్టుకుని తినే డేగలు అక్కడ లేవన్నది పరిశోధకుల ఊహ. తమాషా ఏంటంటే, మీ దీవుల పేరే డేగ మీద వచ్చిందంటారు! తొలి నావికులు అక్కడి గద్దల్ని చూసి డేగలనుకున్నారట.

గబ్బిలం ఇంట్లో దూరితే అశుభం అనుకునే ఊళ్లోంచి వచ్చినవాణ్ణి. మా వన్యప్రాణి చట్టమే పండ్లు తినే గబ్బిలాల్ని ఎలుకలతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది, 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు. కాబట్టి మీకు నీతులు చెప్పే స్థితిలో లేను.

కానీ జీవుల ఆవాసాల్ని కాపాడే ఐరోపా సమాఖ్య చట్టం (హాబిటాట్స్ డైరెక్టివ్) ప్రకారం వీటి గూళ్లు పాడుచేయకూడదు కదా. అవి పాత చెట్ల తొర్రల్లో, ఇళ్ల కప్పుల సందుల్లో, కొండ చరియల పగుళ్లలో ఉంటాయి. చెట్టు కొట్టేముందు, పాత ఇంటి కప్పు మార్చేముందు ఎవరైనా లోపలికి తొంగిచూస్తున్నారా? రాత్రిపూట వీధి దీపాల చుట్టూ మూగే పురుగుల్ని కూడా ఇవి తింటాయి, మరి దీపాలు మార్చేటప్పుడు ఆ సంగతి ఎవరికైనా గుర్తుంటోందా? ఉంటే ఆ వివరాలు అందరికీ కనపడేలా పెట్టండి, లేకపోతే ఈ ఏడాదైనా మొదలుపెట్టండి.

చేయలేరని నేననుకోను. మీ పీకు దీవి దగ్గర 1987 దాకా తిమింగలాల్ని చంపారు, అప్పట్లో వాటిని కనిపెట్టడానికి వాడినలాంటి కొండ మీది కావలి గుడిసెల్లోంచే ఇప్పుడు మనుషులు చూసి టూరిస్టు పడవలకు దారి చెబుతున్నారు. ఒక జంతువు విషయంలో అంతగా మారినవాళ్లకు ఇదో లెక్కా?

ఇంకొక్కటి. నేను దిగిన చోట ఎటు చూసినా తిమింగలం పోస్టర్లే. ఎయిర్‌పోర్టులో దాని పక్కన ఈ గబ్బిలానికి ఒక చిన్న బోర్డు పెట్టించండి. ఫొటో కావాలంటే నా ఫోన్లో ఉంది గానీ, అంతా ఆకాశమే, మూలన ఒక రెక్క కొస మాత్రం పడింది.

ఇట్లు,
మీ దీవులు చూసివెళ్లిన ఒక తెలుగువాడు