రెండు వైపులా శత్రువులుంటే ముందు ఎవరితో?

సంపాదకులకు నమస్కారం.

పాకిస్తాన్, చైనా ఒకేసారి మీద పడితే మన సైన్యం ముందు ఎవరి సంగతి చూడాలన్న చర్చ టీవీ చానళ్లలో తరచూ నడుస్తోంది. ‘ముందు పాకిస్తాన్ పని పట్టాలి’ అని ఒకరు, ‘ఇద్దరినీ ఒకేసారి’ అని ఇంకొకరు గొంతు చించుకుంటారు. మా బ్రాడీపేటలో టీ కొట్ల దగ్గరా అదే మాట. ఏళ్ల తరబడి పిల్లలకు చరిత్ర చెప్పినవాడిగా నాకు బాధేస్తోంది. ఎవరి మీద కోపం ఎక్కువుంటే వాళ్ల మీదికి ముందు వెళ్లాలన్నట్టు మాట్లాడుతున్నారే గానీ, ఏ వైపు కొద్దిపాటి బలగంతో కాచుకోగలం, ఏ వైపు త్వరగా ముగించగలం అని ఎవరూ అడగడం లేదు.

మన పక్కనే కొండవీడు, కొండపల్లి ఉన్నాయి. 1509లో శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కేనాటికి ఉత్తరాన దక్కను సుల్తానులు, తూర్పున ఒడిశా రాజులైన గజపతులు, రాజ్యం లోపల ఉమ్మత్తూరు పాలకుడి తిరుగుబాటు. ఆయన సుల్తానుల దాడిని తిప్పికొట్టి, ఉమ్మత్తూరును అణచి, ఆ తర్వాత గజపతి మీదికి కదిలాడు. ఉదయగిరి ముట్టడికే సుమారు ఏడాదిన్నర పట్టింది. 1515లో కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి లొంగాయి. సింహాచలం దాకా వెళ్లాడు. నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ తర్వాత చేసిన పని. గజపతితో సంధి చేసుకుని, ఆయన కూతురిని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను తిరిగి ఇచ్చేశాడు. అంత కష్టపడి గెలిచింది వదులుకోవడం ఏ రాజుకైనా తేలిక కాదు. కానీ 1520లో రాయచూరు దగ్గర బీజాపూర్ సుల్తాన్ ఆదిల్ షాతో తలపడినప్పుడు తూర్పు నుంచి దెబ్బ పడుతుందన్న టెన్షన్ ఆయనకు లేదు.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో మనవాళ్లు చేసిందీ అలాంటి ఆలోచనే. తూర్పున తేల్చుకోవాలి, పడమట కాచుకోవాలి. ఏప్రిల్‌లోనే దిగమని ప్రభుత్వం అంటే సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా ఒప్పుకోలేదు. వానాకాలంలో తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) అంతా నీళ్లే. చలికాలం దాకా ఆగితే హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోయి చైనా కదలడం కష్టమవుతుంది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కూడా కుదిరింది. అందుకే చైనా వైపు కోసం ఉంచిన కొన్ని పర్వత డివిజన్లను సైతం తూర్పు బెంగాల్ యుద్ధంలోకి దించగలిగారు. డిసెంబర్ 3న యుద్ధం మొదలైతే 16న ఢాకాలో లొంగుబాటు జరిగిపోయింది. పాకిస్తాన్ వైపు సుమారు 93 వేల మంది బందీలయ్యారు.

అయితే ఆ విజయం ఊరికే రాలేదు. పడమట జమ్మూ సరిహద్దులోని ఛంబ్ మన చేయి జారింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. ఒక వైపు ముందు అనుకోవడమంటే రెండో వైపు కొంత పోవచ్చని ఒప్పుకోవడమే. అక్కడి ఊళ్లవాళ్లు ఇల్లూ పొలమూ వదిలి నడవాలి. స్టూడియోలో కూర్చున్నవాళ్లు ఈ మాట ఎందుకు చెప్పరు?

లెక్క తప్పితే ఏమవుతుందో 1914లో జర్మనీ చూసింది. రష్యా సైన్యాన్ని కూడదీసుకునేలోగా ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టి, రైళ్లలో తూర్పుకు మళ్లుదామనుకుంది. రష్యా అనుకున్నదానికంటే ముందే తూర్పు ప్రష్యాలోకి వచ్చేసింది. కంగారుపడి పడమటి నుంచి రెండు కోర్‌లను (పెద్ద సైనిక దళాలను) అటు పంపారు. అవి చేరేసరికి అక్కడ రష్యాతో టానెన్‌బర్గ్ యుద్ధం ముగిసిపోయింది. ఇటు ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర అవసరమైనప్పుడు అవి లేవు.

లద్దాఖ్‌లోని గల్వాన్‌లో 2020లో చైనాతో ఘర్షణలో 20 మంది సైనికులను పోగొట్టుకున్నాం. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ కోపం నాకూ ఉంది. కానీ 2025 మే ఘర్షణలో పాకిస్తాన్‌కు చైనా ఎప్పటికప్పుడు సమాచారం అందించిందని మన సైన్యం ఉప అధిపతే చెప్పారు. ఇద్దరినీ విడదీసి ‘ముందు వీడు, తర్వాత వాడు’ అనుకోవడమే ఇక కష్టం. కాబట్టి యుద్ధం రాకముందే ఒక వైపునైనా చర్చలతో చల్లబరచడం పిరికితనం కాదు, రాయలవారు చేసింది అదే.

ఇదంతా ఎక్కడో లద్దాఖ్ గొడవ అని మనం అనుకోవడానికి లేదు. అద్దంకి ప్రాంతంలోని కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదే యుద్ధ విమానాలు దిగే రన్‌వే ఉంది.

దాడి పథకాలు బయటపెట్టమని ఎవరూ అడగరు. మన జాతీయ భద్రతా విధానం ఏమిటో, అందులో చెప్పదగ్గ మేరకైనా ప్రజల ముందు పెట్టాలి. గుంటూరు, విజయవాడ ఎంపీలు పార్లమెంటులో ఈ మాట అడగాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా మన జిల్లాల మాజీ సైనికాధికారుల చేత ఈ విషయం మీద వరుసగా వ్యాసాలు రాయించాలని మనవి.

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు