గట్టు జరపకుండా కోడ్ పంపండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్లకు) కోడ్ పంపాలన్న ఉత్సాహం ఉంది. అయితే కోడ్ బాగానే ఉన్నా, ఫైళ్ల అమరిక సరిగా లేక తిరిగొచ్చే సందర్భాలు ఎక్కువ. అన్నీ ఒకే ఫోల్డర్లో పడేసి, ‘ఫైనల్’, ‘ఫైనల్2’ అని పేర్లు పెట్టి జిప్ చేసే ల్యాబ్ అలవాటు ఇక్కడ పనికిరాదు. పాత రూపాలన్నీ గిట్ అనే సాఫ్ట్‌వేరే దాచి ఉంచుతుంది, నకళ్లు అక్కర్లేదు.

ముందుగా ప్రాజెక్టులో కోడ్ ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైలు చదవాలి. అది లేకపోతే, మీరు రాయబోయేదానికి దగ్గరగా ఉన్న ఫైలొకటి పట్టుకుని, అదెక్కడుందో, దాని టెస్టు (అది సరిగా పనిచేస్తుందో పరీక్షించే కోడ్) ఎక్కడుందో చూసి ఆ పద్ధతిలోనే పెట్టాలి. గో ప్రోగ్రామింగ్ భాషలో టెస్టు ఫైలు అసలు ఫైలు పక్కనే ఉంటుంది. మేవెన్ అనే బిల్డ్ సాధనం వాడే జావా ప్రాజెక్టుల్లో టెస్టులకు వేరే ఫోల్డరు. ఏ ఫైళ్లతో ప్రోగ్రామ్ తయారవ్వాలో చెప్పే మేక్‌ఫైల్‌లో ఫైళ్ల పేర్లు విడివిడిగా రాసి ఉంటే, కొత్త ఫైలు పేరు అందులో చేర్చాలి. మరిచిపోతే కంపైలర్ దాన్ని తాకనే తాకదు. అందులోని ఫంక్షన్‌ను ఇంకెవరూ పిలవనంతవరకు తప్పు కూడా చూపదు!

పేచీ ఎక్కువగా వచ్చేది ఉన్న ఫైళ్లను జరిపినప్పుడే. పొలం గట్టు జానెడు జరిపితే ఏమవుతుందో మన పల్లెల్లో చెప్పక్కర్లేదు. తప్పనిసరైతే జరపడం ఒక కమిట్‌గా (గిట్‌లో ఒక విడతగా నమోదు చేసే మార్పుగా), మార్చడం మరో కమిట్‌గా పంపాలి. గిట్ పేరు మార్పును ఎక్కడా రాసుకోదు. పాత, కొత్త ఫైళ్లను పోల్చి, మామూలుగా 50 శాతమైనా పోలిక ఉంటేనే పేరు మారిందని లెక్కగడుతుంది. ఒకేసారి జరిపి, సగానికి పైగా తిరగరాస్తే ఒక ఫైలు పోయి ఇంకొకటి పుట్టినట్టు కనిపిస్తుంది. కోడ్‌లో ఏ వరుస (లైను) ఎవరు, ఎందుకు రాశారో వెతికే దారి అక్కడ తెగిపోతుంది.

విండోస్ వాడేవాళ్లకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఫైలు పేరులో ఇంగ్లిష్ క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. అందుకే ఇంట్లో నడిచిన ఇంపోర్ట్ (వేరే ఫైలును పేరుతో పిలిచే వరుస) లినక్స్ సర్వర్ మీద విఫలమవుతుంది. రెండోది వరుస చివర గుర్తు. విండోస్‌లో రెండు క్యారెక్టర్లు, లినక్స్‌లో ఒకటే. ఎడిటర్ దాన్ని మార్చేస్తే, 400 వరుసల ఫైల్లో మీరు దిద్దింది ఒక్కటైనా 400 మారినట్టు చూపిస్తుంది. అదెవరు చదువుతారు? పంపేముందు మార్పులు చూపే గిట్ డిఫ్ ఆదేశానికి స్టాట్ ఆప్షన్ జోడించి చూస్తే, ఏ ఫైల్లో ఎన్ని వరుసలు మారాయో తెలుస్తుంది.

మీ ఎడిటర్ సొంతంగా సృష్టించే ఫోల్డర్ల పేర్లను ప్రాజెక్టు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాయకండి. అది అందరిదీ. గిట్ ఫోల్డర్లోని ఇన్ఫో కింద ఎక్స్‌క్లూడ్ ఫైలుంది, అది మీ ఒక్కరిదే. ఒకసారి కమిట్‌లో చేరిన ఫైలును తరవాత ఇగ్నోర్‌లో రాసినా గిట్ వదలదు. పాస్‌వర్డులున్న ఫైలైతే, తొలగించాక కూడా చరిత్రలో ఉండిపోతుంది. అప్పుడు ముందుగా పాస్‌వర్డే మార్చాలి.

మన కాలేజీలు రెండో ఏడాది ల్యాబుల్లోనే జిప్ ఫైళ్లకు బదులు గిట్ కమిట్లను తీసుకుని, మార్కులు వేసేటప్పుడు ఫైళ్ల అమరికనూ చూడాలని కోరుతున్నాం.

– కొందరు ప్రోగ్రామర్లు, విజయనగరం