తప్పు ఎవరిదో చూసి నవ్వు

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

పాత సైన్స్ ఫిక్షన్ ఇప్పుడు చదివితే నవ్వొస్తుందేమో అన్నావు. వస్తుంది. కాకపోతే ఆ తప్పు ఎవరిదో ముందు తేల్చుకో.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' పాత ఇంగ్లిష్ ప్రతి కనబడితే రెండో అధ్యాయం తీసి అమెరికాలోని నెబ్రాస్కా పేరు ఎక్కడుందో వెతుకు. 'డిసగ్రియబుల్ టెరిటరీ' అని ఉంటే అక్కడే పెట్టెయ్. అది 1870ల నాటి మెర్సియర్ అనువాదం. బ్యాడ్‌లాండ్స్‌ని (అక్కడి బంజరు గుట్టల పేరది) పట్టుకుని 'చిరాకైన ప్రాంతం' అన్న మహానుభావుడు. పుస్తకంలో దాదాపు నాలుగో వంతు కత్తిరించేశాడు కూడా. ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లని వెర్న్ రాస్తే, ఈయన నీటికన్నా తేలిక చేసేశాడు. ఆ లెక్కన కథలోని జలాంతర్గామి నాటిలస్ రేకు బెండులా తేలాలి! తిట్లు మాత్రం వెర్న్‌కి. (ఇరవై వేల లీగులు లోతనుకునేవు, తిరిగిన దూరం అది. సుమారు 80,000 కిలోమీటర్లు.)

అలాగని వెర్న్‌ని పూర్తిగా వెనకేసుకు రాలేం. 1865 నాటి చంద్రయాత్ర నవలలో 900 అడుగుల ఫిరంగిలోంచి ముగ్గుర్ని పేలుస్తాడు. సెకనుకి 11 కిలోమీటర్ల వేగం అంత పొట్టి గొట్టంలోనే అందుకోవాలంటే భూమ్యాకర్షణకి 22,000 రెట్ల తోపుడు. 60 కిలోల మనిషి 1,300 టన్నులు తూగుతాడు. కింద మూడడుగుల నీళ్ళు పోసి సర్దిచెప్పాడు గానీ, పచ్చడే. న్యూటన్ సూత్రాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి ఈ తప్పు ఆయనదే.

వెల్స్ 'టైమ్ మెషీన్' (1895) సంగతి వేరు. మూడు కోట్ల ఏళ్ళకే సూర్యుడు ఎర్రగా ఉబ్బి చల్లారిపోతుంటాడు. అప్పట్లో భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ లెక్కలో సూర్యుడి ఆయుష్షు కొన్ని కోట్ల ఏళ్ళే మరి, సూర్యుణ్ణి మండించే కేంద్రక సంలీనం (అణు కేంద్రకాలు కలిసిపోవడం) ఇంకా తెలీదు. ఇప్పుడు మిగిలిందే 500 కోట్లంటున్నాం. శుక్రుడి మీద చిత్తడి అడవులున్న కథలూ ఇంతే. 1962లో అమెరికా వ్యోమనౌక మ్యారినర్ 2 పక్కనుంచి వెళ్ళి కొలిస్తే సీసం కరిగేంత వేడి! మన రోహిణి కార్తె దాని ముందు చలివేంద్రం. అందుకే కథ చదివేముందు అచ్చయిన ఏడాది చూడు.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు పాతబడేవి మనుషులు. అసిమోవ్ 'ఫౌండేషన్' (1951) చూడు, వేల ఏళ్ళ తర్వాతి గెలాక్సీలో కూడా చుట్టలు కాలుస్తూ మాట్లాడుకునే మగాళ్ళే. ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

'టైమ్ మెషీన్'తోనే మొదలెట్టు. చిన్నది. యంత్రంలో నికెల్, దంతం, స్ఫటికం ఉన్నాయంటాడు వెల్స్, ఎలా నడుస్తుందో మాత్రం చెప్పడు. గడుసువాడు, అందుకే తప్పు పట్టలేం. పక్షంలో అయిపోతే గుంటూరు నుంచి ఫోన్ చెయ్, తర్వాతది చెప్తాను.

నీ,
సుబ్బు