దయకు స్టార్లు ఇవ్వం

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబర్ 13న ప్రపంచ దయా దినోత్సవం కదా, ఆ రోజు మంచి పనులు చేసిన పిల్లలకు స్టార్లు, సర్టిఫికెట్లు ఇస్తే బాగుంటుందని మీలో కొందరు అడిగారు. 1998 నుంచి చాలా దేశాల్లో ఈ రోజును జరుపుకుంటున్నారు, మనమూ జరుపుకుందాం. స్టార్లు మాత్రం ఇవ్వం. స్టార్ ఉందంటే, కిందపడ్డ పెన్సిల్ తీసిచ్చే ముందు టీచర్ చూస్తున్నారా లేదా అని మన పిల్లలు ఓ కన్ను అటు వేస్తారు. మార్కులు ఎక్కడ దొరుకుతాయో పసిగట్టడంలో వాళ్లు ఘనులు.

దానికి బదులు, ఇంట్లో మీరూ పిల్లలూ కలిసి చేయదగ్గవి కొన్ని రాస్తున్నాను.

మొదటిది చెత్త. నవ్వకండి. బెంగళూరులో తడి, పొడి, శానిటరీ చెత్తను ఇంట్లోనే వేరు చేసి ఇవ్వడం 2012 నుంచి తప్పనిసరి. రూలు అందరికీ తెలుసు. మనం వేరు చేయకపోతే ఆ పని ఎవరి మీద పడుతుందో మాత్రం ఎవరూ ఆలోచించరు. పొద్దున్నే ఆటోతో పాటు వచ్చే పౌరకార్మికులు చేతులతో చేయాలి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లు. పెద్దవాళ్ల కాలంలో మన సీమ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలవి. డబ్బా ఇస్తూ ‘బాగున్నావా అక్కా’ అని తెలుగులో పలకరించి చూడండి.

ఈ మధ్య ఒకావిడ నాకు ఫోటో పంపారు. ఇంట్లో టీ గ్లాసు పగిలితే, ఐదో తరగతి చదివే వాళ్ల పాప ముక్కల్ని పాత పేపర్లో మడతల మీద మడతలు పెట్టి, అట్టపెట్టెలో వేసి, చుట్టూ టేపు వేసింది. పైన స్కెచ్ పెన్నుతో ‘గాజు’ అని తెలుగులోనూ కన్నడలోనూ రాసింది. అంతటితో ఆగలేదు. ‘చదవడం రానివాళ్లు ఉంటే?’ అని పెద్ద ఎర్ర ఇంటూ మార్కు కూడా పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకు అంత ఆలోచన వచ్చింది. నేనైతే పేపర్లో చుట్టి సరిపెట్టేదాన్నేమో.

పోయిన నెల ఆరో తరగతి వాళ్లను మెట్రోలో కబ్బన్ పార్కుకు తీసుకెళ్లాం. ప్లాట్‌ఫాం మీద సగం మంది పసుపు పలకల మీదే గుంపుగా నిలబడ్డారు. అవి చూపులేనివాళ్ల కోసమని సోషల్ మ్యామ్ చెప్పారు. పొడుగ్గా గీతలుంటే ముందుకు నడవొచ్చని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని అర్థం. కర్రతో తడిమినా, కాలితో తడిమినా తెలుస్తుంది. జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన 1965లో వీటిని తయారు చేస్తే, 1967లో ఒకాయామా ఊళ్లో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు. ఒక కుర్రాడు వెంటనే కళ్లు మూసుకుని కాలితో తడిమి, ‘బూట్లేసుకున్నా తెలుస్తోంది మ్యామ్!’ అన్నాడు. ఆ తర్వాత ఎవరూ వాటిమీద నిలబడలేదు.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీద అవే పలకలు కనిపించాయి, వాటి మీద అడ్డంగా స్కూటర్లు. పిల్లలు నా వైపు చూశారు. నాకు మన గేటు ముందు పొద్దున ఎనిమిదింటికి ఉండే సీను గుర్తొచ్చింది. ఇంతకంటే వివరంగా రాయనక్కర్లేదనుకుంటాను. హారన్ సంగతి కూడా ఇందులోనే కలిపి చదువుకోండి.

తెలుగు క్లాసులో డొక్కా సీతమ్మగారి (1841–1909) గురించి చెప్పుకున్నాం. లంకల గన్నవరంలో, గోదావరి దాటి వచ్చే బాటసారులు ఏ వేళప్పుడు తలుపు తట్టినా వండి పెట్టిన తల్లి. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, ‘అంతమంది తిన్నాక అంట్లు ఎవరు తోమారు మ్యామ్?’ అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం తన టిఫిన్ బాక్సు తనే కడుక్కుందో లేదో వాళ్లమ్మగారే చెప్పాలి.

కడప నుంచి, మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరున్నారు. కన్నడ రాదు, ఇంగ్లిష్ అంటే బెరుకు. వాళ్లమీద ‘పాపం’ అని జాలిపడమని మీ పిల్లలకు చెప్పకండి. ఆటలోకి పిలవమనండి, ఏదో ఒక సాయం అడగమనండి. మొదటి వారమంతా గోడ పక్కన ఒంటరిగా తిన్న ఒక బాబు కబడ్డీలో కూత ఆపకుండా పెట్టగలడని బయటపడ్డాక, ఇప్పుడు వాడి కోసం రెండు టీములూ కొట్టుకుంటున్నాయి.

పుట్టినరోజు చాక్లెట్లు టీచర్లందరికీ అందుతాయి, ఆయమ్మల దగ్గరికీ బస్సు డ్రైవర్ దగ్గరికీ వచ్చేసరికి అయిపోతాయి. ఈసారి బస్సులోనే మొదలుపెట్టమనండి. తక్కువ పడితే హెడ్ మిస్‌కు లేకపోయినా ఫరవాలేదు, నాకు షుగర్ ఉంది.

మీ అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లకు, డెలివరీ అబ్బాయిలకు వేరే లిఫ్ట్ అని బోర్డు ఉంటే, మీ పిల్లలు దాన్ని రోజూ చదువుతున్నారు. మేం బడిలో ఏడాది పొడవునా చెప్పేదాన్ని ఆ ఒక్క బోర్డు కొట్టేస్తుంది. తీయించే ప్రయత్నం చేయండి.

ఇక వాట్సాప్ గ్రూపు. ‘ఫలానా బాబు మా పాపను కొరికాడు’ అని పేరు పెట్టి, రాత్రి పదకొండింటికి అందరూ చూసేలా రాస్తే, ఆ బాబు తల్లికి ఆ రాత్రి నిద్ర ఉండదు. అంతలోనే ఇరవై మంది సలహాలు. కోపం వచ్చిన మాట నిజమే, కాదనను. తెల్లారాక క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి, లేదా నా రూముకు రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

పాత బట్టల సేకరణ ఈ నెలంతా ఉంటుంది. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి పంపండి. మీ పిల్లలకు వేయడానికి మీరు సిగ్గుపడే చొక్కా ఇంకొకరి పిల్లలకు పంపొద్దు. బూట్లయితే రెండూ కలిపి కట్టండి. పోయినసారి ఒంటి కాలి బూట్లే ఒక సంచీడు మిగిలాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, నాలుగు గంటల లోపు ఆఫీసులో ఇవ్వొచ్చు.

ఇట్లు,
మీ హెడ్ మిస్ట్రెస్