పీజీ గురించి పాపకు

చిరంజీవి పాపకు నాయన ఆశీర్వదించి రాయునది.

హౌస్‌సర్జన్సీ అయిపోవస్తోంది కదా, ఎవరు ఎదురుపడినా "పీజీ ఎందులో?" అని అడుగుతున్నారని మొన్న ఫోన్లో బాధపడ్డావు. అప్పటినుంచి నాకు అదే ధ్యాస.

ఎంబీబీఎస్ పూర్తయి, మెడికల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయితే నువ్వు డాక్టరువే తల్లీ. పీజీ చేసి తీరాలని ఏ చట్టమూ లేదు. పెద్ద ఆపరేషన్లు చేయాలన్నా, మత్తు డాక్టరు కావాలన్నా ఇంకో రెండు మూడేండ్లు చదవాల్సిందే, అందులో వాదన లేదు. కానీ రోగి తనకు ఏ రోగమో తెలుసుకుని రాడు కదా.

మా పీహెచ్‌సీలో, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నేను ఫార్మసిస్టుగా ఉన్నప్పుడు ఒక మేడం ఉండేది. ఉత్త ఎంబీబీఎస్. శెనక్కాయ కాలంలో ఒకనాడు తెల్లారుజామున కడుపునొప్పి, వాంతులని ఒక పిల్లోణ్ణి తెచ్చినారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తుందనే అనుకున్నా. ఆమె పైకి చూడమనింది. పిల్లోడి రెప్పలు లేయలేదు. "రాత్రి యాడ పడుకున్నావు నాయనా?" అనడిగింది. చేను గట్టున, నేల మీద అన్నాడు. కట్లపాము! దాని కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, మచ్చ కూడా కనపడదు. ఆ విషానికే రెప్పలు వాలినాయి. వెంటనే యాంటీవీనం, అదే పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టించి, 108 పిలిపించి, ఊపిరి ఆగితే ఒత్తడానికి అంబూ బ్యాగు చేతపట్టుకుని తనే అనంతపురం దాకా పోయింది. పిల్లోడు బతికినాడు. ముందే ఏదో ఒక విభాగానికి పంపేసి ఉంటే పొట్ట చూసేవాళ్లు పొట్టే చూసుండేవాళ్లేమో. ఆమెది చిన్న చదువని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ర్యాంకు వచ్చింది కదాని మనసు లేని బ్రాంచి మాత్రం తీసుకోవద్దు. సీటు కోసం చేను అమ్ముదామని మీ మామ అన్నాడు, నేను వద్దన్నా. ఎండీనా, ఎమ్మెస్సా అని సంబంధాలవాళ్లు అడిగితే నేను మాట్లాడుకుంటా.

అన్నీ చూడటమే ఇష్టమైతే ఫ్యామిలీ మెడిసిన్లో కూడా ఎండీ ఉంది. నీకు పిల్లల వార్డంటే ప్రాణమని నాకు తెలుసు. అదే గట్టిగా అనిపిస్తే చదువు, కోచింగు ఫీజు నేను కడతా. మనసు తేలకపోతే కొన్నాళ్లు పీహెచ్‌సీలో పనిచెయ్. అక్కడ సర్కారు ఉద్యోగంలో కొన్నేండ్లు చేసినవాళ్లకు పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా అని విడిగా సీట్లు ఉన్నాయి. నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టు, నీ సర్టిఫికెట్లు జిరాక్సు తీయించి పెడతా.

మీ నాయన