మూడే పంపుతున్నాను

కన్నా,

శని, ఆదివారాల్లో చదవడానికి ఏవైనా చెప్పమ్మా అన్నావు. టెక్నాలజీ, రాజకీయాలు, ఈ కాలపు సంస్కృతి, ఏదైనా పరవాలేదన్నావు. ఇదివరకైతే ఇరవై లింకులు ఒక్కసారే పంపేసేదాన్ని. నువ్వు వాటిలో ఒక్కటీ తెరవలేదని నాకు తెలుసు. సగం నేనూ చదవకుండానే పంపానని నీకు తెలియదు. సమాచారం తినేది మనిషి ధ్యాసనే కాబట్టి, అది పెరిగేకొద్దీ ధ్యాసకు కరువొస్తుందని అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే చెప్పాడు. అందుకని ఈసారి మూడే. మూడూ పాతవే. కొత్తవి ఎలాగూ నీ ఫోనే నీ ముందుకు తెస్తుంది.

మొదటిది లాంగ్డన్ వినర్ అనే అమెరికా రాజనీతి పండితుడు 1980లో రాసిన వ్యాసం, 'డూ ఆర్టిఫాక్ట్స్ హావ్ పాలిటిక్స్?'. మనిషి తయారుచేసిన వస్తువులోనే రాజకీయం ఉంటుందా అన్నది అందులోని ప్రశ్న. అందులో ఒక వంతెనల కథ ఉంది, నా నోట నువ్వు విన్నదే. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో రోడ్లకు అడ్డంగా సుమారు రెండు వందల వంతెనలు మరీ కిందికి ఉంటాయి. కొన్నిచోట్ల ఎత్తు తొమ్మిది అడుగులే. పన్నెండు అడుగుల బస్సు వాటి కింద పట్టదు. బస్సుల్లో తిరిగే పేదలూ నల్లజాతివారూ తన పార్కులకు, బీచికి రాకూడదనే, అక్కడి రోడ్లూ పార్కులూ కట్టించిన అధికారి రాబర్ట్ మోజెస్ వాటిని అలా కట్టించాడని వినర్ అంటాడు.

ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల కళ్లు పెద్దవయ్యేవి, నాకది బాగుండేది. చాలా ఏళ్లకు గానీ బెర్న్‌వార్డ్ యోర్గెస్ అనే జర్మన్ పరిశోధకుడు 1999లో దీనికి రాసిన జవాబు నా కంటపడలేదు. ఆ రోడ్ల మీద బస్సులకూ లారీలకూ అసలు అనుమతే లేదట! ఎక్కడానికే వీల్లేని రోడ్డులో వంతెన ఎంత ఎత్తుంటే బస్సుకేం? మోజెస్ మంచివాడని ఆయన వాదించడం లేదు. ఆ నేరానికి వంతెనను సాక్షిగా నిలబెట్టడం కుదరదంటాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. బస్సుల్ని నిషేధించినవాళ్ల మనసులో ఏముందో మాత్రం ఎవరు చూశారని ఇప్పటికీ లోపల గొణుక్కుంటాననుకో, అది వేరే సంగతి.

ఆ తర్వాత వినర్ వ్యాసాన్ని మళ్లీ తీసి చివరిదాకా చదివాను. అప్పుడు దొరికాయి టమాటాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారుచేసిన కోతయంత్రం సాలు వెంట ఒక్కసారి వెళ్తే చాలు, మొక్కను కోసి, దులిపి, కాయలు రాల్చుకుంటుంది. ఆ దులుపుడుకు మెత్తటి కాయలు ఆగవు. అందుకని యంత్రానికి తగినట్టు గట్టి కాయల రకాలను పుట్టించారు. రుచి మాత్రం తగ్గింది. యంత్రం ఖరీదైనది, పెద్ద కమతాలకే గిట్టుబాటు. 1960ల మొదట్లో నాలుగు వేల దాకా ఉన్న టమాటా రైతులు 1973 నాటికి ఆరు వందలకు చేరారు. కూలిపనులు 32,000 దాకా పోయాయని అంచనా. ఇందులో కుట్ర లేదు, దుర్మార్గుడు లేడు. అందరూ ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేశారు. వ్యాసానికి ప్రాణం ఇదే. కానీ వంతెనల కథే అందరికీ గుర్తుంది, ఎందుకంటే అందులో తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు. నేనూ ఆ పేజీ దగ్గరే ఆగిపోయానుగా.

రెండోది చిన్నది. జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన 'పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్'. రాజకీయాల్లో మాటలు నిజాన్ని ఎలా కప్పేస్తాయో చెప్పే వ్యాసం. దిక్కులేని పల్లెల మీద బాంబులు వేసి, జనాన్ని తరిమేసి, పశువులను తుపాకులతో కాల్చి, గుడిసెలు తగలబెట్టి, దానికి శాంతిస్థాపన అని పేరు పెట్టడం గురించి ఒక పేరా ఉంది, దాని కోసమైనా చదువు. చదివాక మన వార్తల్లో 'చర్యలు తీసుకోబడతాయి' అన్న వాక్యం ఎదురైతే, తీసుకునేవాడు ఎక్కడున్నాడా అని నీ కళ్లే వెతుకుతాయి. తాను తప్పుపట్టినవాటినే ఇదే వ్యాసంలో తానూ మళ్లీ మళ్లీ చేసి ఉంటానని ఆర్వెల్ ఒప్పుకుంటాడు. ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

మూడోది కథ. ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'ది మెషీన్ స్టాప్స్', 1909లో వచ్చింది. టెలివిజన్ కూడా పుట్టని రోజులు. మనుషులంతా భూమి కింద, తేనెపట్టు గదుల్లాంటి గదుల్లో, ఎవరికి వారే ఉంటారు. సంగీతం, తిండి, స్నేహితులు, అన్నింటికీ మీటలే. వాష్టి అనే తల్లికి భూమికి అవతలి వైపున కూనో అనే కొడుకు. గుండ్రటి పళ్లెం లాంటి దానిలో నీలి వెలుగు మెరిసి అతని రూపం కనిపిస్తుంది. నిన్ను యంత్రంలోంచి కాదు, ఎదురుగా చూడాలి, రా అమ్మా అంటాడు. ఆవిడకు కుదరదు. మాట్లాడటానికి ఇచ్చిందే ఐదు నిమిషాలు. చివరికి బయలుదేరుతుంది. దారిలో విమానంలోంచి కాకసస్ పర్వతాలు కనిపిస్తే, ఇక్కడ ఆలోచనలేమీ లేవని తెర మూసేస్తుంది. యంత్రం ఆగుతుందని కథ పేరే చెబుతోంది కాబట్టి దాచడానికేమీ లేదు. ఎలా ఆగుతుందో నువ్వే చదువు.

కిందటి నెలలో నువ్వు వీడియో కాల్ చేసినప్పుడు, ఐదు నిమిషాల్లో నాకు మీటింగు ఉంది, తొందరగా చెప్పు అన్నాను. ఏదో చెప్పబోయి, ఏం లేదులేమ్మా అని పెట్టేశావు. ఆ రాత్రే ఈ కథను మళ్లీ తీశాను. మొదటి రెండు పేజీలు దాటలేకపోయాను.

మూడింటినీ కాగితాల మీద అచ్చు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలు గీతలు నావే. టమాటాల పేజీలో ఒకచోట ప్రశ్నార్థకం పెట్టాను. ఎవరి తప్పూ లేని నష్టానికి ఎవరిని అడగాలి అని నా సందేహం. నాకు జవాబు తోచలేదు. నీకేమైనా తోస్తే ఫోనులో వద్దు, వచ్చినప్పుడు చెప్పు. ఆ రోజు చెప్పబోయి ఆపేసిన మాట కూడా.

అమ్మ